మోకు అడిగే గొంతు

మా రీట్‌వెల్ దగ్గర కరకట్ట తిన్నగా పోదు. పడమటి నుంచి చక్కగా వచ్చి, గోవర్ట్ వాళ్ల ఇంటి ముందు ఒక్కసారిగా లోపలికి ముడుచుకుని, ఒక మడుగును చుట్టి, మళ్లీ ఏటి ఒడ్డుకు చేరుతుంది. పొరుగూళ్ల నుంచి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు ఆ మలుపు దగ్గర తడబడతారు. మడుగు పెద్దదేం కాదు. చుట్టూ రెల్లు, ఒక పక్క వంగిపోయిన విల్లో చెట్లు. నీళ్లు మాత్రం వేసవిలో కూడా నల్లగా ఉంటాయి. పిల్లలు ఏట్లో ఈదుతారు గాని అందులో దిగరు. పాతకాలంలో కట్ట తెగినప్పుడు వాల్ నది తవ్విపోయిన గొయ్యి అది. పూడ్చడం ఎవరి వల్లా కాక, కట్టనే దాని చుట్టూ తిప్పి కట్టారు.

నేను ఈ ఊరికి కోడలిగా వచ్చినదాన్ని. మాది అవతలి గట్టు. పెళ్లయిన కొత్తలో, చలికాలం ఒక పొద్దున, ఏరు లంక పొలాలన్నీ ముంచి కట్ట మొదటి దాకా వచ్చింది. ఒకటే పొగమంచు. పెరట్లో కోళ్లకు గింజలు వేస్తున్నాను. కట్ట అవతల నుంచి ఎవరో పిలిచారు.

"మోకు... మోకు వెయ్యండి..."

గింజల బొచ్చె అక్కడే పడేసి కట్ట మెట్ల వైపు పరుగెత్తాను. వంటింటి గుమ్మంలోంచి మా అత్తగారు కేకేసింది.

"ఎక్కడికే దీర్కే?"

"ఎవరో నీళ్లలో ఉన్నారత్తయ్యా. పట్టుకోవడానికి మోకు అడుగుతున్నారు."

"ఎవరూ లేరు. లోపలికి రా."

"నా చెవులతో విన్నాను."

"నేనూ విన్నాను. మా అత్తా వింది. రా, వచ్చి తలుపు వెయ్యి."

ఆ రోజు ఇద్దరం బంగాళదుంపలు చెక్కుతూ కూర్చున్నప్పుడు చెప్పింది. వాళ్ల అత్తగారి అత్తగారి నాటి మాట. ఆ ఏడు ఏరు గడ్డకట్టింది. మంచుగడ్డలు ఒకదాని మీద ఒకటి ఎక్కి అడ్డం పడ్డాయి. వెనక నీళ్లు గోడలా లేచాయి. ఆ రోజుల్లో రెండు గట్ల మీదా మనుషులు గెడలూ తుపాకులూ పట్టుకుని కాపలా కాసేవారు. ఒక గట్టు తెగితే రెండోది బతుకుతుంది కదా. అవతలి వాళ్లు పడవలో వచ్చి మన కట్టకు గండి కొడతారని భయం.

"అవతలి వాళ్లంటే మీ వాళ్లే" అంది మా అత్తగారు, కత్తి ఆపి నా వైపు చూస్తూ.

కాపలాకు పెద్ద గోవర్ట్ అనే ఆయన. మడుగు పక్కింటి గోవర్ట్‌కు ముత్తాత తండ్రో, ఇంకా పైనో. ఆ ఇంట్లో తాత పేరు మనవడికి పెడతారు, తరం విడిచి తరం అదే పేరు నడుస్తుంది. పొగమంచులో పడవొకటి కట్ట వైపు వచ్చింది. మోకు వెయ్యమని కేకలు. "వెయ్యకండి, గండి కొట్టడానికి వచ్చారు" అన్నాడు ఆయన. పడవ కట్టకు ఆనగానే గెడలతో నెట్టేశారు. అది తిరిగి మంచుగడ్డల మధ్యకు పోయింది. కాసేపు కేకలు వినిపించాయి, తర్వాత వినిపించలేదు. ఆ వారం తిరక్కుండానే కట్ట సరిగ్గా అక్కడే, ఎవరూ ముట్టకుండానే తెగింది. నీళ్లు తీశాక పడవ దొరికింది. అందులో ఉన్నవాళ్లు అవతలి గట్టు వాళ్లు కారు. మా లంకలోనే ఉన్న ఇటుకల బట్టీలో పనిచేసే కుటుంబం. మొగుడూ పెళ్లాం, ఒక ముసలామె, పిల్లలు. మా ఊరి వాళ్లే. బట్టీ పొగగొట్టం మొండి ఇప్పటికీ లంకలో నిలబడే ఉంది.

"అందుకే పలకకూడదు" అంది అత్తగారు.

"పలికితే?"

"కట్ట తెగుతుంది."

"ఎవరు చెప్పారు?"

"ఒకళ్లు చెప్పాలా? ఆ దుంపని అంత మందంగా చెక్కకే తల్లీ, సగం పందులకే పోతోంది."

ఆ తర్వాత ఆ గొంతు నాకూ అలవాటైంది. పెద్దనీళ్లు వచ్చి, పొగమంచు పడితే, ఊళ్లో అందరూ కాస్త గట్టిగా మాట్లాడుకుంటారు. రేడియో గొంతు పెంచుతారు. ఏం వినకూడదనుకుంటున్నారో ఎవరూ అనరు.

గోవర్ట్, హెండ్రీనా అక్కాతమ్ముళ్లు. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. మడుగు మలుపులో ఇల్లు, వెనక పియర్ తోట. హెండ్రీనా పెద్దది, మనిషి పొట్టి, నోరు పెద్దది. గోవర్ట్ పొడుగ్గా, సన్నగా, మాట తక్కువ. ఇంట్లో ఆమె చెప్పినట్టు ఆయన వినేవాడు. బూట్లు ఎక్కడ విప్పాలో, ఏ చొక్కా వేసుకుని చర్చికి రావాలో కూడా ఆమే చెప్పేది. కట్ట మీద మాత్రం ఆయన మాటే మాట. తండ్రి తర్వాత కాపలాకు పెద్ద ఆయనే. ఊట ఎక్కడ పుడుతోందో, ఏ చోట ఇసుక బస్తాలు వెయ్యాలో ఆయన చెప్పింది ఆమె కూడా ఎదురాడకుండా చేసేది.

మరొక మనిషి లామర్ట్, పంటు నడిపే ముసలాయన. కట్టకు అవతల, లంక చివర, రేవు దగ్గర చిన్న మెరక మీద పంటు ఇల్లు. పెళ్లాం పోయాక అందులో ఆయనా, మోపీ అనే కుక్కా ఉండేవారు. కార్లనూ, ట్రాక్టర్లనూ, బడి పిల్లలనూ ఏరు దాటించేవాడు. ఏటి మీద ఇంజను చప్పుడులో మాట్లాడి మాట్లాడి ఆయన మామూలు మాట కూడా కేకలాగే ఉండేది. పాస్టరుగారిని తప్ప మగవాళ్లందరినీ ఒరేయ్ అనేవాడు. జెనీవర్ సారా కాస్త ఎక్కువైతే పాస్టరుగారినీ అనేవాడు. కూతురు క్లాస్కె పట్నంలో ఉండేది.

వరదకు ఊళ్లన్నీ ఖాళీ చేయించిన ఆ జనవరిలో జరిగింది ఇది. ఏరు అంత ఎత్తున ఎవరూ చూడలేదు. కట్ట లోపలి వైపు పొలాల్లో ఇసుక కలిసిన ఊట బుడబుడ పొంగేది. చేత్తో తాకితే కట్ట మెత్తగా తగిలేదని మా ఆయన ఆరీ చెప్పాడు. ఆర్డర్ వచ్చింది. లారీల్లో ఆవులు, బస్సుల్లో మనుషులు. మా అందరికీ పట్నంలో ఒక ఆటల హాల్లో పడకలు వేశారు. కుక్కల్ని మాత్రం లోపలికి రానివ్వం అన్నారు.

లామర్ట్ బస్సెక్కనని మొరాయించాడు. గోవర్టే వెళ్లి తీసుకొచ్చాడు.

"మోపీ ఎలారా?"

"అటక మీద పెట్టు మావా. రొట్టె, నీళ్లు పెట్టు. నీళ్లు అటక దాకా రావు."

"వస్తే?"

"అటక దాకా వస్తే నీ కుక్కొక్కటే కాదు, ఇక్కడ ఎవరమూ ఉండం. ఎక్కు."

లామర్ట్ ఎక్కాడు. నా ముందు సీటే. దారంతా అద్దం తుడుస్తూ వెనక్కే చూస్తూ కూర్చున్నాడు. పట్నంలో క్లాస్కె వచ్చి తన ఇంటికి తీసుకుపోయింది.

ఊళ్లో కట్ట కాపలాకు ఉండిపోయినవాళ్లు గోవర్ట్, మా ఆరీ, ఇంకో ఇద్దరు. హెండ్రీనా కూడా కదల్లేదు. "నా కోళ్లని ఎవడు చూస్తాడు? ఆ సైనికుడా?" అని, ఖాళీ చేయించడానికి వచ్చిన కుర్ర సైనికుడి మొహం మీదే తలుపు వేసింది. వంటకు మనిషి కావాలి కదా అని వాళ్లూ ఊరుకున్నారు. తర్వాత జరిగినప్పుడు నేనక్కడ లేను. ఆరీ చెప్పినదీ, హెండ్రీనా చెప్పినదీ కలిపి చెబుతున్నాను. ఇద్దరూ ఒకేలా చెప్పారు.

మధ్యాహ్నం దాటింది. పొగమంచు. కట్ట మీద నిలబడితే ఇటు మన ఇంటి కప్పు కనబడదు, అటు నీళ్లు కనబడవు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. గోవర్ట్, ఆరీ మలుపులో బస్తాలు సర్దుతున్నారు. హెండ్రీనా బఠానీ సూప్ గిన్నె పట్టుకుని పైకి వచ్చింది. వాళ్లు గిన్నెలు అందుకునే వేళకు వినిపించింది.

"మోకు! మోకు వెయ్యండి!"

ముగ్గురూ ఆగిపోయారు. ఆరీ సూప్ గిన్నెలోకి చూశాడు. గోవర్ట్ మళ్లీ బస్తా ఎత్తబోయాడు. ఊళ్లో అందరూ చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నది అదే కదా, విననట్టు ఉండడం.

మళ్లీ వచ్చింది. ఈసారి దగ్గరగా, కాస్త దిగువగా.

"ఒరేయ్ గోవర్టూ! మోకు వెయ్యరా!"

హెండ్రీనా గరిటె వదిలేసి బస్తాల పక్కన ఉన్న మోకు చుట్ట వైపు నడిచింది. గోవర్ట్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దక్కా."

"మనిషి గొంతురా అది."

"దానికి మనిషి గొంతు కాక మరే గొంతుంటుంది?"

"నీ పేరు పిలిచాడు."

"నా పేరు కాదు. ఆ పడవని నెట్టించిన పాత గోవర్ట్ పేరు." తమ్ముడి మొహం సున్నం కొట్టినట్టయింది. "ఊళ్లో ఎవరూ లేరు. లంకలో ఎవరూ లేరు. అందర్నీ నేనే బస్సెక్కించాను. ఎవరుంటారక్కా నీళ్లలో?"

"వేస్తే ఏం పోయింది? మోకేగా."

"కట్ట చూడు. చెయ్యి పెట్టి చూడు. జున్నులా ఉంది. దీని వెనక మన ఊరొక్కటే లేదు."

ఆమె చెయ్యి విదిలించుకోబోయింది. ఆయన వదల్లేదు. పుట్టాక ఆయన ఆమె మీద బలం చూపించింది ఆ ఒక్కసారే. గొంతు పిలుస్తూనే ఉంది. కాసేపు తిట్టింది. కాసేపు ఏడ్చింది. దిగువకు పోతూ పోతూ, మడుగు మలుపు దాటాక సన్నబడి, నీళ్ల చప్పుడులో కలిసిపోయింది. అప్పుడు గోవర్ట్ ఆమె చెయ్యి వదిలాడు. సూప్ చల్లారిపోయింది. ఎవరూ తాగలేదు.

కట్ట నిలిచింది. నీళ్లు తీయడం మొదలై, ఊళ్లకు తిరిగి రమ్మన్నారు. మేం వచ్చేసరికి లంక కంచెలకు గడ్డీ, ప్లాస్టిక్కూ, చచ్చిన కుందేళ్లూ వేలాడుతున్నాయి. ఇళ్లు పొడిగా ఉన్నాయి. అందరూ కట్టను తట్టి, గోవర్ట్ చెయ్యి పట్టుకుని ఊపారు. ఆయన ఎవరి మొహమూ చూడలేదు.

దిగువన విల్లో చెట్ల కొమ్మల్లో బోర్లాపడ్డ పడవ దొరికింది. దాని పక్కనే లామర్ట్ దొరికాడు. నీళ్లు చూసొస్తానని కూతురితో చెప్పి బయటికి వచ్చాడట. ఎగువన ఎవరో తెలిసినవాళ్ల దగ్గర పడవ తీసుకుని, కుక్క కోసం ఏటి వాలున బయల్దేరాడు. తెడ్డొకటి విరిగి ఉంది. మోపీ అటక మీద బతికే ఉంది. మనుషులు మెట్లెక్కుతుంటే అరవలేదు, కిటికీ దగ్గర నుంచి కదల్లేదు.

అంత్యక్రియలయ్యాక చర్చి పక్క గదిలో కాఫీ, కేకు ముక్కలు. ఊరంతా ఉంది. అప్పటికే ఊళ్లో ఒక మాట తయారైంది. ముసలాయన ఎగువనే, రాత్రిపూటే మునిగిపోయి ఉంటాడు, మన కట్ట దాకా వచ్చి ఉండడు, కట్ట మీదివాళ్లు విన్నది మామూలుగా వినే గొంతే. ఆ మాట చేతులు మారుతూ కాఫీ కప్పులతో పాటు గదంతా తిరుగుతోంది. క్లాస్కె ఒక్కొక్కరి దగ్గరికే వచ్చి అడిగింది. నల్లకోటు ఆమెకు పెద్దదైంది, చేతులు లోపల ఉండిపోయాయి.

"ఎవరైనా చూశారా నాన్నని? ఏమైనా వినబడిందా ఎవరికైనా?"

ఆరీ కాఫీ వంక చూశాడు. గోవర్ట్ కప్పు బల్ల మీద పెట్టాడు. పాస్టరుగారు ఏదో అనబోయారు.

"విన్నాం" అంది హెండ్రీనా.

క్లాస్కె ఆమె వైపు తిరిగింది.

"మీ నాన్న మా కట్ట కిందికే వచ్చాడు అమ్మాయ్. మోకు అడిగాడు. మేం వెయ్యలేదు."

"హెండ్రీనా" అన్నారెవరో వెనక నుంచి, "అది ఆయనేనని నీకేం తెలుసు?"

"మా తమ్ముణ్ణి ఒరేయ్ అన్నాడు. ఈ ఊళ్లో వాణ్ణి ఒరేయ్ అనేవాళ్లు ఇద్దరం. నేను కట్ట మీదే ఉన్నాను."

క్లాస్కె ఆమెను చూసింది. తర్వాత గోవర్ట్‌ను చూసింది.

"ఎంతసేపు పిలిచాడు?"

గోవర్ట్ అప్పుడు మాట్లాడాడు. "చాలాసేపు" అన్నాడు.

ఆమె కోటు బొత్తాలు పెట్టుకుని వెళ్లిపోయింది. తండ్రి ఊరికి రావడం మానేసింది. అవతలి గట్టున ఉన్న అత్తవారింటికి వెళ్లాల్సి వస్తే, ఎక్కడో ఎగువన ఉన్న వంతెన మీదుగా చుట్టు తిరిగి పోయేది.

వింతేమిటంటే, ఊరు గోవర్ట్‌ను ఏమీ అనలేదు. హెండ్రీనాకే ముఖం చాటేసింది. "కట్ట కాపాడినవాడి పరువు నలుగురిలో తీసింది" అన్నారు. "నోరు ఎప్పుడూ అంతే" అన్నారు. రొట్టెల దుకాణంలో ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి. ఆమెకు అదేం పట్టలేదు. పట్టిందల్లా ఇంట్లోనే. అక్కాతమ్ముళ్ల మధ్య మాట పోయింది. ఆయన మీద కోపం కంటే తన మీదే ఆమెకు కోపం ఎక్కువ. "వాడు పట్టుకున్న చెయ్యి ఒక్కటే దీర్కే," అంది నాతో ఒకసారి, "రెండోది ఖాళీగానే ఉంది."

వసంతం రాగానే గోవర్ట్ కాపలా పెద్దరికం వదులుకున్నాడు. పంటు నడపడానికి మనిషి లేక రేవు మూతబడి ఉంది. ఆయన వెళ్లి అది తీసుకున్నాడు. తోటలో పియర్ చెట్లు పూత మీద ఉండగా, మంచం, రెండు కుర్చీలు తోపుడు బండి మీద పెట్టుకుని కట్ట దాటి లంకలోకి దిగిపోయాడు. కట్ట అవతల నిద్రపోయిన మనిషి ఆ వంశంలో అంతవరకూ లేడు. మోపీ ఆయనను ఇంట్లోకి రానిచ్చింది గాని దగ్గరికి రాలేదు. ఆయన పెట్టింది తినేది. కిటికీ దగ్గరే పడుకునేది.

హెండ్రీనా కట్ట మీద నుంచి ఆ బండి పోవడం చూసింది. పిలవలేదు.

ఆ తర్వాతి చలికాలం మళ్లీ పెద్దనీళ్లు వచ్చాయి. ముందటేడంత కాదు. లంక మునిగింది, పంటు ఇల్లు మెరక మీద ఒంటరిగా నిలబడింది. కట్టకు భయం లేదన్నారు. మూడో రోజో నాలుగో రోజో పొగమంచు దిగింది. పొద్దున పదిగంటల వేళ నేను హెండ్రీనా ఇంటికి గుడ్ల కోసం వెళ్లాను. ఇద్దరం గుమ్మంలో ఉన్నాం. వినిపించింది.

"మోకు వెయ్యండి..."

నేను అలవాటుగా ఏదో మాట కలపబోయాను. ఆమె నా మాట పూర్తి కానివ్వలేదు. గోడకు వేలాడుతున్న మోకు చుట్ట భుజాన వేసుకుని కట్ట మెట్లెక్కేసింది. ఆ పొట్టి కాళ్లతో అంత వేగం ఎలా వచ్చిందో. నేను గుడ్ల బుట్టతోనే వెనక పరుగెత్తాను.

పైన ఏమీ కనబడదు. తెల్లగా ఉంది లోకం. గొంతు మళ్లీ వచ్చింది. ఆడగొంతో మగగొంతో చెప్పలేను. ముసలిగొంతో చిన్నదో కూడా చెప్పలేను. హెండ్రీనా ఒక కొస కట్ట మీది కొయ్యకు కట్టి, రెండో కొసను పొగమంచులోకి విసిరింది.

"ఇదుగో!" అని అరిచింది. "ఇదుగో, పట్టుకోండి!"

మా అత్తగారు చెప్పిన తర్వాత ఇన్నేళ్లలో ఆ గొంతుకు ఎవరైనా బదులు పలకడం అదే మొదలు. నా కాళ్ల కింద కట్ట కదులుతుందని ఎదురు చూశాను. కదల్లేదు. మోకు మాత్రం బిగుసుకుంది.

"పట్టు!" అంది హెండ్రీనా.

ఇద్దరం లాగాం. బరువు ఎంతంటే, మడమలు గడ్డిలో దిగబడిపోయాయి. చేతులు మండిపోయాయి. ఇసుక నిండిన పడవను లాగుతున్నట్టుంది. "వదలకే" అంటోంది ఆమె పళ్ల బిగువున, "ఈసారి వదిలానంటే నన్ను నేను..." అలా లాగగా లాగగా పొగమంచులోంచి పడవ ముక్కు బయటపడింది. అందులో ఒక్క మనిషి. గోవర్ట్. మోకు కొస రెండు చేతులతో పొట్టకు హత్తుకుని కూర్చుని ఉన్నాడు. టోపీ లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"గోవర్టూ!" అంది ఆమె. ఏడాది తర్వాత పిలిచిన మొదటి పిలుపు.

"నేను పిలవలేదక్కా" అన్నాడు ఆయన. మొట్టమొదట అన్నది అదే. "ఎవరో ఏటి మధ్యలో పిలుస్తుంటే నేనే పడవేసుకుని వెళ్లాను. పిలిచిన చోటికల్లా వెళ్లాను. తెడ్డు జారిపోయింది. ఒడ్డెటో తెలియలేదు. నాకు నోరు కూడా పెగల్లేదు. ఉన్నట్టుండి మోకు వచ్చి ఒళ్లో పడింది."

"సరే, దిగు ముందు."

ఆయన దిగాడు. మేమిద్దరం చెరో చెయ్యీ పట్టుకుని రాళ్ల మీదికి లాగాం. అప్పుడు నేను పడవ వైపు చూశాను. నాకే ముందు కనబడింది. చిన్న పడవ. సన్నటి మనిషి దిగిపోయాడు. అయినా అది పైకి లేవలేదు. నీళ్లు అంచుకు ఆనుకుని ఉన్నాయి, నిండా జనం ఉన్నట్టు.

నేను హెండ్రీనా భుజం తట్టి చూపించాను. ఆమె చూసింది. గోవర్ట్ కూడా వెనక్కి తిరిగి చూశాడు.

"నేను దిగానుగా" అన్నాడు నెమ్మదిగా.

పడవ ఒక్కసారి ఊగింది, మా వైపు అంచు కిందికి ఒరిగి. అలా ఒరిగి మళ్లీ లేచింది. లేచినప్పుడు ఇంతకుముందు కంటే కాస్త పైకి లేచింది. ఏటి పక్కన పుట్టిపెరిగినదాన్ని, మనిషి దిగితే పడవ ఎలా ఊగుతుందో నాకు తెలుసు. మళ్లీ ఒరిగింది. మళ్లీ లేచింది. హెండ్రీనా నీళ్లలోకి మోకాలి దాకా దిగి, రెండు చేతులతో పడవ అంచు గట్టిగా పట్టుకుంది, ముసలివాళ్లు దిగేటప్పుడు పట్టుకున్నట్టు. ఆ తర్వాతివి చిన్నచిన్న ఊపులు, త్వరత్వరగా. గోవర్ట్ చప్పున టోపీ తీయబోయి, తలమీద టోపీ లేదని గుర్తొచ్చి, చెయ్యి అలాగే తలమీద ఉంచేశాడు.

చివరి ఊపు బరువుగా ఉంది. అది కాగానే పడవ ఆకులా తేలింది. ఖాళీ పడవ అల మీద ఎలా ఎగిరెగిరి పడుతుందో అలా పడింది.

గడ్డి మీద అడుగులేవీ కనబడలేదు. చల్లటి గాలి లాంటిది కూడా ఏమీ రాలేదు. ఏటి వాసన మాత్రం మా పక్క నుంచి కట్ట మీదికి, కట్ట మీద నుంచి ఊరి వైపు దిగిపోయినట్టు అనిపించింది. బురద, తడిసిన ఇటుక, పాత పొగ. హెండ్రీనా తల తిప్పి ఆ వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ముక్కు తుడుచుకుంది.

"బూట్లు గుమ్మం బయటే విప్పు" అంది తమ్ముడితో.

ఆ రోజు ఆయన ఆ ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని సూప్ తాగాడు. మోపీ ఒంటరిగా ఉందని, తెడ్డు ఒకటి అరువు తీసుకుని పొద్దు వాలకముందే వెళ్లిపోయాడు. ఆమె ఉండమనలేదు. ఆరీకి చెబితే, ఏటి వాలుకు పడవ ఊగడం మామూలే అన్నాడు. కాసేపాగి, "ఎన్నిసార్లు ఊగింది?" అని అడిగాడు. నేను లెక్కపెట్టలేదు.

ఆ గొంతు మళ్లీ వినిపించలేదు. ఊరికి ఊపిరి పీల్చుకున్నట్టు ఉండాలి. లేదు. పొగమంచు రోజుల్లో కట్ట మీద మనుషులు రేడియోలు ఆపేసి నిలబడతారు. ఏమీ వినబడదు. ఆ నిశ్శబ్దం గొంతు కంటే బరువుగా ఉంటుంది. ఒడ్డు చేరినవాళ్లు ఎక్కడికి పోయారో ఎవరికీ తెలియదు. ఏ వాకిట్లోనైనా, ఏ గోడ వారనైనా, చలికాలం ఒక్కోసారి తడి ఇటుక వాసన వస్తుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు కాస్త జరిగి కూర్చుంటారు. అంతకంటే ఎవరూ ఏమీ అనరు, చెయ్యరు. వాళ్లలో లామర్ట్ ఉన్నాడో లేడో కూడా తెలియదు. తను ఏటి మధ్యలో విన్నది లామర్ట్ గొంతు కాదని గోవర్ట్ అంటాడు. "ఆయనైతే తిట్టేవాడు" అంటాడు.

రెండేళ్ల తర్వాత, చెర్రీలు పండే వేళ, నేను పంటు మీద ఉన్నాను. అవతలి గట్టున మా చెల్లెలి ఇంటికి పోతున్నాను. గోవర్ట్ గొలుసు వేయబోతుంటే రేవులోకి ఒక కారు దిగింది. అందులోంచి క్లాస్కె దిగి, కారు పక్కనే నిలబడింది. పంటును చూస్తోంది, ఎక్కడం లేదు. గోవర్ట్ గొలుసు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఇంటి గట్టు మీద నుంచి మోపీ లేచి, కుంటుకుంటూ రేవులోకి వచ్చి ఆమె బూట్లు వాసన చూసింది. ఆమె వంగి దాని తలమీద చెయ్యి వేసింది.

"ముసలిదైపోయింది" అంది.

"చెవులు వినబడవు" అన్నాడు గోవర్ట్.

ఆమె కారెక్కి, పంటు మీదికి తెచ్చింది. పంటు ఏటి మధ్యకు వచ్చింది. అక్కడ ఆమె కారు దిగి వచ్చి అంచు కమ్మీ పట్టుకుంది.

"ఇంజను ఆపు గోవర్టన్నా."

ఆపాడు. పంటు ఏటి వాలుకు నెమ్మదిగా జరుగుతోంది. నీళ్లు ఇనుప అంచుకు తగిలి చిన్నగా చప్పుడు చేస్తున్నాయి. దూరంగా లంకలో ఎవరిదో ఆవు అరిచింది.

"ఎక్కడ?" అంది ఆమె.

ఆయన చెయ్యెత్తి చూపించాడు. "అక్కడ, ఆ మలుపు మొదట్లో మొదలుపెట్టాడు. ఆ చెట్ల దాకా."

ఆమె చూపుతోనే ఆ మేరంతా నెమ్మదిగా కొలిచింది. ఆయన ఆమె వైపు చూడలేదు, పక్కకూ తప్పుకోలేదు. ఆమె కమ్మీ వదిలేసి కారు వైపు నడిచింది.

"సరే, పోనీ" అంది.

అవతలి గట్టున కారు దించేటప్పుడు ఆమె వెనక్కి చూడలేదు. సాయంత్రం చెల్లెలి ఇంటి నుంచి నేను అవతలి రేవుకు వచ్చేసరికి, ఆ కారు వంతెన వైపు పోకుండా అక్కడే పంటు కోసం ఆగి ఉంది.